దాది యూరిక్లియా గొంతుతో ఒడిస్సీ రాస్తున్నా, సలహాలు కావాలి

నిశాచరి:
గ్రీకు కవి హోమర్ కావ్యం ఒడిస్సీలో, రాజు ఒడిస్సియస్ ముష్టివాడి వేషంలో ఇంటికొచ్చినప్పుడు కాళ్లు కడుగుతూ మచ్చ చేతికి తగిలి గుర్తుపట్టేది ఈ ముసలి దాదే. ఆ సీన్ బాగానే వచ్చింది. చేతిలోని కాలు జారి కంచు పళ్లెంలో పడుతుంది, నీళ్లన్నీ ఒలికిపోతాయి, అతను ఆమె గొంతు పట్టుకుని నోరెత్తితే చంపేస్తానంటాడు. చిక్కంతా తర్వాతే. అతని భార్య పెనెలొపిని పెళ్లాడాలని వచ్చి ఇంట్లో తిష్ఠ వేసిన వాళ్లని అతను చంపేటప్పుడు ఈవిడ అక్కడ లేదు. ఆడవాళ్ల వైపు తలుపులు బిగించమని ముందే చెప్పారు. అసలు ఘట్టమే చూడని మనిషితో కథ ఎలా నడపను?

పాతపుస్తకం:
చూడకపోవడమే మీకు కలిసొచ్చిందండీ. బాణాలూ రక్తమూ అందరూ రాస్తారు. ఇవతల కూర్చుని ఆవిడ ఏం విందో రాయండి. నేను ఒడిస్సియస్ ఓడలో మనిషి ఎల్పెనార్ మీద ఓ కథ రాశా. తాగి మంత్రగత్తె కిర్కే ఇంటి కప్పు మీద పడుకుని, హడావుడికి లేచి, నిచ్చెన సంగతి మరిచి పడి చచ్చిపోతాడే, వాడు. పడిన చోట కథ ఆపేసి పాతాళంలో మళ్లీ ఎత్తుకున్నా. మధ్యలో ఏమైందో వాడికే తెలియదు కదా! చదివినవాళ్లకి ఆ ఖాళీయే నచ్చింది.

ఉప్పుగాలి:
నాకైతే దాది మీద జాలి కంటే కోపమే ఎక్కువ. యాభైమంది దాసీల్లో, ఆ తిష్ఠ వేసినవాళ్లతో కలిసి తప్పు చేసినవాళ్లు పన్నెండుమందని లెక్క చెప్పింది ఎవరు? ఈవిడే కదా. వాళ్లతోనే శవాలు మోయించి, బల్లలు కడిగించి, ఆనక ఒడిస్సియస్ కొడుకు టెలిమాకస్ ఓడ తాడుతో వరసగా ఉరేశాడు. ఈవిడా దాసీయే. 20 ఎడ్ల వెల పెట్టి ఒడిస్సియస్ తండ్రి లాయర్టీస్ కొన్నాడు. అదంతా దాటేసి మంచి బామ్మని చేస్తే నేను చదవను.

నిశాచరి:
దాటేయను. కానీ పశ్చాత్తాపపడేలా రాయాలా?

పాతపుస్తకం:
వద్దండీ. మన ఆలోచనలు ఆవిడ నోట్లో పెడితే ఉపన్యాసమవుతుంది. హోమర్‌లో ఆవిడ శవాలను చూసి సంతోషంతో కేక పెట్టబోతే, చచ్చినవాళ్ల మీద విర్రవీగడం పాపమని ఒడిస్సియసే ఆపుతాడు. ఆ సంతోషాన్ని అలాగే ఉంచండి, చదివేవాళ్లే ఇబ్బంది పడతారు.

ఉప్పుగాలి:
దీనికి ఒప్పుకుంటా. మెలాంతో అనే దాసీని కూడా వాడుకోండి. పెనెలొపి కూతురిలా పెంచి ఆటబొమ్మలిచ్చిన పిల్ల. ఉరితీసినవాళ్లలో ఆమె ఉందని హోమర్ పేరుపెట్టి చెప్పడు, కాబట్టి మీ ఇష్టం. గంధకం పొగ మాత్రం వదలొద్దు. ఇల్లు శుద్ధి చేయడానికి నిప్పూ గంధకమూ తెచ్చిచ్చేది కూడా యూరిక్లియానే.