వాగ్దానం కార్డు మీద విశ్రాంతి అని వచ్చింది, నాకేమో ఊపిరాడట్లేదు

క్వయర్_అమ్మాయి_హైదరాబాద్:
అందరికీ వందనాలు అండి. డిసెంబర్ 31 రాత్రి వాచ్‌నైట్ సర్వీస్‌లో నాకు వచ్చిన వాగ్దానం కార్డు (కొత్త ఏడాదికని చర్చిలో ఇచ్చే బైబిల్ వాక్యం చీటీ) మత్తయి 11:28, అదే "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి; నేను మీకు విశ్రాంతి కలుగజేతును" అని యేసు పిలిచే వాక్యం. బీరువా అద్దానికి అంటించుకున్నా, ఇప్పుడు చూస్తే నవ్వొస్తోంది. వారమంతా ఆఫీసు, ఇంటికొస్తే వంట, పిల్లాడి హోంవర్క్, శుక్రవారం ఉపవాస కూటం, శనివారం క్వయర్ ప్రాక్టీస్, ఆదివారం పొద్దున్నే సండే స్కూల్ పిల్లలు, తర్వాత ఆరాధన, అయ్యాక కుర్చీలు మడత పెట్టేది కూడా మేమే. ఒక్క ఆదివారం మానితే ఆ వారంలో ఏం జరిగినా దానివల్లే అని భయం. మా అత్తగారు పైకే అనేస్తారనుకోండి. నమ్మకం లేక కాదు, నమ్ముతున్నా కానీ మనసుకి నెమ్మది లేదు. నిజంగా ఎవరికైనా ఈ విశ్రాంతి నిలబడిందా, లేక పాట పాడినంతసేపేనా?

ప్రార్థనా_వీరుడు:
ప్రైజ్ ద లార్డ్ సిస్టర్. ప్రార్థన తగ్గితే నెమ్మది తగ్గుద్ది. తెల్లారుజామున 4కి లేచి మోకాళ్ళూనండి, 40 రోజులు ఉపవాసం పట్టండి, అదే వస్తుంది.

బెజవాడ_బైబిల్ స్టూడెంట్:
అన్నా ఏమనుకోకు, ఆమె బరువు దించుకోవడం ఎలా అని అడుగుతుంటే ఇంకో మూట నెత్తినెడుతున్నావ్. సిస్టర్, ఆ వాక్యం అయిపోగానే 12వ అధ్యాయం మొదట్లో ఏముందో చూడండి. శిష్యులు ఆకలేసి విశ్రాంతి దినాన వెన్నులు తుంచుకు తింటే పరిసయ్యులు, అంటే ధర్మశాస్త్రం విషయంలో పట్టుదలగా ఉండే యూదులు, తప్పు పట్టారు, అంటే అప్పట్లో జనానికి సెలవు రోజు కూడా రూల్సే. 23వ అధ్యాయంలో యేసే అంటాడు, వీళ్ళు మోయలేని బరువులు కట్టి మనుషుల భుజాల మీద పెడతారు, తాము వేలితో కూడా కదపరు అని. కాబట్టి నా వరకు 11:28లో పిలుపు చాకిరీతో అలిసినవాళ్ళకే కాదు, భక్తితో అలిసినవాళ్ళకి కూడా. ఆదివారం మానితే కీడు జరుగుద్దనే భయం ఎక్కడిదో గానీ సువార్తలోది మాత్రం కాదు. మీరు కుర్చీలు సర్దారని ఆయన మిమ్మల్ని ప్రేమించడం మొదలుపెట్టలేదు కదా.

నర్సమ్మ_నెల్లూరు:
అమ్మాయ్, నేను హాస్పిటల్లో నర్సుగా చేసి రిటైరయ్యా. మొదటి రాజులు 19 చదువు. కర్మెలు కొండ మీద బయలు ప్రవక్తల మీద అంత గెలిచిన ఏలీయా ప్రవక్త వెంటనే బదరీ చెట్టు కింద పడి చచ్చిపోతా అన్నాడు. దూత వచ్చి ప్రసంగం చెయ్యలేదు, రొట్టె నీళ్ళు పెట్టాడు, నిద్రపోనిచ్చాడు, మళ్ళీ లేపి మళ్ళీ పెట్టాడు. దేవుడు మాట్లాడింది ఆ తర్వాత. హీమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించుకున్నావా అసలు? రక్తం తక్కువున్న ఆడాళ్ళని విశ్వాసం తక్కువుందని తిట్టడం నా సర్వీసులో చాలా చూశా, ఒళ్ళు మండేది.

కువైట్_కోనసీమ:
అక్కా నేను కువైట్‌లో ఇంటి పనిలో ఉన్నా, మాకు ఆరాధన శుక్రవారం, అదీ సెలవిస్తేనే. ఫిలిప్పీ 4:13, "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" ఉంది కదా, అందరూ బైకుల మీద, ఎగ్జామ్ ప్యాడ్‌ల మీద రాసుకునేది, అది అపొస్తలుడైన పౌలు ఖైదులో ఉండి రాశాడు, దాని పైన రెండు వచనాల్లో ఆకలైనా కడుపు నిండినా తృప్తిగా ఉండడం నేర్చుకున్నా అంటాడు. నేర్చుకున్నాడంట, అంటే ఆయనకీ ఒక్కరోజులో రాలేదు. నాకు అప్పు తీరలేదు, పిల్లల్ని చూడక చాలా రోజులైంది, ఏడుపు కూడా వస్తుంది. కానీ రాత్రి గిన్నెలు కడిగేసి లైట్ ఆర్పాక ఇంక ఈ రోజుకి నీదే ప్రభువా అని చెప్పి పడుకుంటా, నిద్ర పడుతుంది. ముందు పట్టేది కాదు.

క్వయర్_అమ్మాయి_హైదరాబాద్:
అందరికీ థాంక్స్ అండి. నర్సమ్మ గారూ, శనివారం బ్లడ్ టెస్ట్‌కి వెళ్తున్నా, అంటే ప్రాక్టీస్‌కి వెళ్ళట్లేదు. సండే స్కూల్ ఒక నెల వేరేవాళ్ళని చూసుకోమని గ్రూపులో మెసేజ్ పెట్టా. బ్లూ టిక్స్ వచ్చాయి, రిప్లై రాలేదు. అత్తగారికి ఇంకా చెప్పలేదు 😅