గవ్వ ఫొటోలో తెల్లటి వలయం ఎందుకు వస్తోంది?

ప్రశ్న:
భీమిలి తీరంలో ఏరుకొచ్చిన చిన్న గవ్వలను దగ్గరగా ఫొటో తీయాలని సాయంత్రం 4 గంటలకు కూర్చున్నాను, ఇప్పుడు రాత్రి 10 అయింది. ప్రతి ఫొటోలోనూ గవ్వ వీపు మీద తెల్లటి వలయం కనిపిస్తోంది, కింద పరచిన తెల్ల కాగితమేమో బూడిద రంగులో వస్తోంది. కాగితం మార్చాను, గవ్వను రెండుసార్లు కడిగాను, అయినా ఫలితం లేదు.

సమాధానం 1:
దేనితో కడిగారో చెప్పలేదు. వెనిగర్, నిమ్మరసం వంటివి వాడితే మాత్రం పెద్ద పొరపాటు చేసినట్టే. గవ్వ ప్రధానంగా కాల్షియం కార్బొనేట్ కాబట్టి, ఆమ్లం తగిలితే పైపొర కరిగి, లోపలి ప్రాణి బతికున్నన్నాళ్లూ తన మెత్తని చర్మపు మడతతో కప్పి కాపాడుకున్న మెరుపు పోతుంది, మళ్లీ రాదు. చెక్క నుంచి కూడా ఆమ్లపు ఆవిరి రావచ్చు కాబట్టి, చెక్క పెట్టెలో దాచడం కూడా మంచిది కాదు.

సమాధానం 2:
లైటు ఏది?

అడిగినవారు:
మంచినీటితోనే కడిగాను. లైటు మామూలుదే, సెల్‌ఫోను లెన్సు చుట్టూ తగిలించే రింగ్ లైటు. అందరూ వాడేదే కదా అని రాయలేదు.

సమాధానం 2:
ఆ వలయం మీ లైటు ప్రతిబింబమే. తీసేయండి.

సమాధానం 3:
నున్నటి గవ్వ ఉబ్బెత్తు అద్దం లాంటిది, ఎదురుగా ఉన్నదంతా అందులో పడుతుంది. కాబట్టి టేబుల్ ల్యాంపును ఒక పక్కన పెట్టి, గవ్వకు వీలైనంత దగ్గరగా వెడల్పాటి ట్రేసింగ్ పేపరును అడ్డుగా నిలిపితే, మెరుపు పోదు గానీ మెత్తగా పరుచుకుని గవ్వ గుండ్రదనాన్ని చూపిస్తుంది. రెండో పక్కన వెలుతురును తిప్పికొట్టడానికి థర్మోకోల్ ముక్క చాలు. తెల్లని దృశ్యాన్ని కెమెరా నడిమి బూడిద స్థాయికి దించుతుంది కాబట్టి ఎక్స్‌పోజర్‌ను (కెమెరా తీసుకునే వెలుతురు మోతాదును) ఒక మెట్టు పెంచండి. నీడ వద్దనుకుంటే గవ్వను గాజుపలక మీద పెట్టి, కాగితాన్ని జానెడు కిందికి దించండి. నల్ల వెల్వెట్ అందంగానే ఉంటుంది గానీ, ఇంత దగ్గరలో దాని నూగు తాళ్లలా కనిపిస్తుంది.

సమాధానం 4:
అది నిజంగా గవ్వే అయితే ఈ సలహా సరిపోతుంది. గరుకు నత్తగుల్ల అయితే కాగితం అడ్డు లేకుండా వెలుతురు ఏటవాలుగా పడాలి, లేకపోతే దాని గాట్లు కనిపించవు.

సమాధానం 1:
వాడుకలో అన్నిటినీ గవ్వలనే అంటారు.

సమాధానం 4:
అష్టాచెమ్మా ఆటలో నత్తగుల్లలు వేసినవారిని నేనింతవరకు చూడలేదు.

అడిగినవారు:
గవ్వే. రింగ్ లైటు తీశాను, వలయం పోయింది, ఎక్స్‌పోజర్ పెంచితే కాగితం కూడా తెల్లబడింది, ధన్యవాదాలు. ఇప్పుడు గవ్వలో నా సెల్‌ఫోను, దాని వెనుక నా వేళ్లు కనిపిస్తున్నాయి. రేపు చూస్తాను.