వరాహ'తతి'యా, వరాహ'పతి'యా?

దేవరకొండ నుంచి: అడవిపందులు మడుగులో తుంగముస్తెలు పెళ్లగించే కాళిదాసు శ్లోకపాదం ఒకటి వెంటాడుతోంది. 'విశ్రబ్ధం క్రియతాం వరాహ... భిర్ముస్తాక్షతిః పల్వలే'. నడుమ రెండక్షరాలు జారిపోయాయి. హిమాలయాల్లో చెట్లు ఆగిపోయే ఎత్తు దాటాక కొబ్రేసియా అనే తుంగజాతి మొక్క పచ్చిక పరుస్తుందట. కాళిదాసు ముస్త అదేనా?

సూర్యాపేట నుంచి: 'వరాహతతిభిః'. తతి అంటే గుంపు. శాకుంతలం రెండో అంకం, దుష్యంతుడు వేట మానుకునే చోటు.

నాగర్‌కర్నూలు నుంచి: మా గురువుగారు చెప్పిన పాఠం 'వరాహపతిభిః'. అదే అందం. రాజు సాటి రాజులకు అభయమిస్తున్నాడు!

సూర్యాపేట నుంచి: అచ్చు ప్రతుల్లో రెండు పాఠాలూ ఉన్నాయి. శార్దూలానికి రెండూ సరిపోతాయి కనుక గణాలు తేల్చవు, చెవి తేల్చాలి. తతి, ముస్తా, క్షతి... ఆ తకారాల వరస వినండి. పైగా ముదురు మగపంది ఒంటరిగా తిరుగుతుంది. గుంపు కట్టేవి ఆడపందులు, పిల్లలు. మూసీ కింద వరిగట్లు తవ్విపోసేది ఆ గుంపే.

నాగర్‌కర్నూలు నుంచి: ముందరి పాదంలోనే 'మృగకులం' అని మందను చెప్పాడు కదండీ. వెంటనే మళ్లీ తతి అంటే పునరుక్తి. కాళిదాసు చేయడు.

వనపర్తి నుంచి: వృక్షశాస్త్రం పాఠాలు చెప్పినదాన్ని, అసలు ప్రశ్నకు వస్తాను. ముస్త, కొబ్రేసియా ఒకే కుటుంబం, సైపరేసీ. పొలంలో తుంగకాడను వేళ్ల మధ్య దొర్లించండి, మూడు పలకలు తగులుతాయి. దాని దుంపకు నల్లటి పైపొర, లోపల తెలుపు, నలిపితే సువాసన. పంది వెతికేది దాన్నే. కొబ్రేసియాకు అలాంటి దుంప లేదు. వేళ్లు ఒత్తుగా అల్లుకుని నేలను తోలులా కప్పేస్తాయి. టిబెట్ పీఠభూమి మీద 4,000 మీటర్లు దాటిన చోట పెరిగే కొబ్రేసియా పిగ్మియా కొన్ని సెంటీమీటర్ల ఎత్తుకు మించదు. దాన్ని మేసేవి జడలబర్రెలు. 2015లో కొబ్రేసియాను కేరెక్స్ అనే మరో తుంగ ప్రజాతిలో కలిపేశారు. కణ్వాశ్రమం మాలినీ తీరాన, కొండల పాదంలో ఉంది. అక్కడి మడుగులో ముస్త మన ముస్తే.

దేవరకొండ నుంచి: అయితే మేడమ్, మనుచరిత్రలో పెద్దన వర్ణించిన శీతశైలంలో, అంటే హిమాలయంలో, పచ్చిక లేదా?

సూర్యాపేట నుంచి: 'కటక చరత్కరేణు కర కంపిత సాలము' అన్నాడు. కటకమంటే కొండ నడుము. ఏనుగు తొండంతో చెట్లను ఊపుతోందంటే ఇంకా అడవి ఎత్తులోనే ఉన్నాం. శిఖరాన సెలయేళ్లు, నడుమున ఏనుగులు. మధ్యలోని పచ్చికబయలును పెద్దన తాకలేదు.

నాగర్‌కర్నూలు నుంచి: తాకనవసరమేముంది? 'అభంగ తరంగ మృదంగ' అనగానే కొండంతా మోగుతుంది. ఆ మోతలో గడ్డిపోచను ఎవరు వెతుకుతారు? ఆ పద్యాన్ని పైకి చదవాలి, విడగొట్టకూడదు.

దేవరకొండ నుంచి: మన తుంగతుర్తి పేరు తుంగ వల్లనే వచ్చిందని నా గట్టి నమ్మకం.

నాగర్‌కర్నూలు నుంచి: ఊరి సంగతి ఒప్పుకుంటాను. తుంగభద్రను మాత్రం ఆ గడ్డికి ముడిపెట్టకండి. అది సంస్కృత తుంగం, ఎత్తైనది. అలంపురం వాళ్లెవరైనా ఉంటే చెప్పండి.

సూర్యాపేట నుంచి: దానికి వేరే చర్చ పెడదాం. ముందు తతి ఒప్పుకోండి.