చిటుకు రోగం: పేరు మార్చాలా?

గొర్రెల కాపరుల కోసం టీకా గురించి కరపత్రం రాస్తున్నాను. 'చిటుకు రోగం' నాటుగా ఉంది, 'ఆంత్రవిషరక్తత' అని రాయమన్నారు ఒకరు. ఈ రోగం తెచ్చే బాక్టీరియాలో క్రోమోజోముకు వెలుపల ఉండే డీఎన్ఏ ముక్క, అంటే ప్లాస్మిడ్‌కు, నేను 'జన్యువలయం' అని పెట్టుకున్నాను. రెండూ నప్పుతాయంటారా?

—

చిటుకును మాత్రం తీసెయ్యకండి! జబ్బవాపు అన్న పేరు వాపు ఎక్కడో చెబుతుంది. గురక రోగం చెవికి వినబడేది చెబుతుంది. చిటుకు చెప్పేది ప్రాణం ఎంతలో పోతుందో. సాయంత్రం దొడ్లోకి తోలినప్పుడు గంతులేసిన పిల్ల, అదీ మందలో పుష్టిగా ఉన్నదే, తెల్లారేసరికి తల వెనక్కి విరుచుకుని పడి ఉంటుంది. 'ఆంత్రవిషరక్తత'లో ఆ తెల్లవారుజాము ఎక్కడుంది?

దీనికి కారణం క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బాక్టీరియాలో డి రకం. గొర్రె పేగులో కొద్దికొద్దిగా ఉండగలిగేదే. తొలకరి పచ్చికో గింజలో ఒక్కసారిగా మేస్తే, అరగని పిండిపదార్థం చిన్నపేగులోకి దిగి దానికి విందవుతుంది. అది వదిలే ఎప్సిలాన్ విషానికి మొదట పదునుండదు. గొర్రె జీర్ణరసంలోని ట్రిప్సిన్ అనే ఎంజైమే దాన్ని కోసి పదును పెడుతుంది. అక్కణ్ణుంచి నెత్తురులోకి, మూత్రపిండాల్లోకి, మెదడులోకి.

ఆ విషం జన్యువు క్రోమోజోములో లేదు, ప్లాస్మిడ్ మీద ఉంది. ఆ ప్లాస్మిడ్ జారిపోతే డి రకం కాస్తా ఆ విషం లేని ఎ రకం లెక్కలోకి వస్తుంది. ఒక బాక్టీరియా నుంచి మరోదానికి అది దాటడం ప్రయోగశాలలో చూశారు కూడా.

ఇక్కడ ముఖ్యం అది క్రోమోజోముకు వెలుపల ఉండడం, ఆకారం కాదు. అందుకే 'జన్యువలయం' నాకు నచ్చలేదు. చాలా బాక్టీరియాల క్రోమోజోము కూడా వలయమే కదా! పైగా బొరీలియా అనే బాక్టీరియాలో పొడుగు పోగుల్లాంటి ప్లాస్మిడ్లున్నాయి. 1952లో జన్యుశాస్త్రవేత్త జాషువా లెడర్‌బర్గ్ 'ప్లాస్మిడ్' అన్న మాట పుట్టించింది ఆకారాన్ని చూసి కాదు, క్రోమోజోముకు వెలుపల ఉండే వారసత్వాన్ని చెప్పడానికి. ప్లాస్మిడ్ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట 'క్రోమోజోముకు వెలుపలి డీఎన్ఏ' అని ఒక్క ముక్క చేర్చండి.

—

మా వైపు 'చిటుక' అంటారండీ. ఏది రాయను?

—

రెండూ వాడుకలో ఉన్నవే. కరపత్రం చదివే కాపరి ఏదంటే అదే రాయండి. టీకా తొలకరికి ముందే వేయించాలన్న వాక్యం మాత్రం ఆ పేరు పక్కనే, లావు అక్షరాల్లో ఉండాలి.