లైట్లు ఆపుతున్నా యూనిట్లు తగ్గట్లేదు, కరెంటు ఎక్కడ పోతోంది?

ప్రశ్న:
మా ఇంట్లో గదిలోంచి బయటికొస్తే లైటు, ఫ్యాను ఆపడం అందరికీ అలవాటే, బల్బులన్నీ ఎల్‌ఈడీలే, అయినా మీటర్ రీడింగ్ ఏ నెలకానెల అంతే వస్తోంది. గీజర్, ఫ్రిజ్, ఏసీ, వాషింగ్ మెషీన్ ఉన్నాయి. ఇప్పుడే కొత్తవి కొనే ఆలోచన లేదు. అలవాట్లు మార్చుకుంటే నిజంగా తేడా కనిపించేవి చెప్పండి.

జవాబు 1:
లైట్లు ఆపడం మానొద్దు గానీ అసలు ఖర్చు అక్కడ లేదండి. 1000 వాట్ల వస్తువు గంట నడిస్తే 1 యూనిట్. 9 వాట్ల బల్బు ఆ 1 యూనిట్ వాడాలంటే 110 గంటలకు పైగా వెలగాలి, 2000 వాట్ల గీజర్‌కి అరగంట చాలు. వేడి చేసేవాటినీ చల్లబరిచేవాటినీ ముందు పట్టుకోండి. గీజర్ రోజంతా ఆన్‌లో ఉంటే లోపలి నీళ్లు చల్లారడం, అది మళ్లీ కాచడం, ఇదే పని. స్నానానికి కాస్త ముందు వేసి, అందరూ వరసగా చేసేసి ఆపేయండి. నీళ్లు వేడి చేసే రకం వాషింగ్ మెషీన్ అయితే దాంట్లో కూడా ఆ వేడికే ఎక్కువ పోతుంది, మామూలు బట్టలకి చన్నీళ్ల సెట్టింగ్ చాలు.

జవాబు 2:
ఏసీ 18లో పెడితే గది తొందరగా చల్లబడుతుందని చాలామంది అనుకుంటారు. మామూలు ఏసీ ఎందులో పెట్టినా ఒకే జోరుతో పనిచేస్తుంది, 18 అంటే ఎక్కువసేపు ఆగకుండా నడుస్తుంది, అంతే. 25, 26లో పెట్టి ఫ్యాను వేసుకోండి, ఫిల్టర్ దుమ్ము పట్టకుండా కడుగుతుండండి. ఫ్రిజ్‌కి గోడకి మధ్య గాలి ఆడాలి. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగండి, సులువుగా వచ్చేస్తే రబ్బరు వదులైనట్టే, లోపలి చల్లదనం అంతా అక్కడినుంచే పోతుంది.

జవాబు 3:
రిమోట్‌తో టీవీ ఆపితే సెట్‌టాప్ బాక్స్ ఆగదు. 10 వాట్లు లాగే బాక్స్ రాత్రీపగలూ ప్లగ్‌లో ఉంటే నెలకి 7 యూనిట్లు! ఫోన్ ఛార్జర్ ఊరికే ప్లగ్‌లో ఉంటే పోయేది చాలా తక్కువ, దాని గురించి టెన్షన్ వద్దు. ఒక పని చేయండి, ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపి డిజిటల్ మీటర్ మీద మెరిసే చిన్న లైటు చూడండి, ఇంకా మెరుస్తుంటే ఏదో లాగుతున్నట్టే.

అడిగినవారు:
చూశానండి, మెరుస్తూనే ఉంది, టీవీ దగ్గరి ప్లగ్గులన్నీ తీశాక ఆగింది! అక్కడ స్విచ్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు పెడతాను. ఫ్యాను వేగం తగ్గిస్తే కరెంటు తగ్గుతుందా?

జవాబు 1:
రెగ్యులేటర్‌ని బట్టి ఉంటుంది. పాతకాలం పెద్ద డబ్బా రెగ్యులేటర్ అయితే ఫ్యానుకి తగ్గించిన దాంట్లో చాలా భాగం తనే వేడిగా పోగొడుతుంది, ఆదా కొంచెమే. ఎలక్ట్రానిక్‌ది అయితే వేగంతోపాటు కరెంటూ బాగా తగ్గుతుంది. మీది ఏదో ముందు చూసుకోండి, కొత్తవి కొనే ఆలోచన లేదన్నా పాత డబ్బా అయితే మాత్రం మార్చదగ్గదే.