ఏటూరునాగారం ఐటీడీఏ ఇంకా అవసరమా? నిధులు నేరుగా పంచాయతీలకే ఇస్తే సరిపోదా?

ఓరుగల్లు_అభ్యర్థి:
గ్రూప్స్‌కు చదువుతూ ఒకచోట ఆగిపోయాను. అయిదో పంచవర్ష ప్రణాళికలో గిరిజన ఉప ప్రణాళికతోపాటు ఐటీడీఏలు, అంటే సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థలు, వచ్చాయి. అప్పుడు వరంగల్ అంతా ఒకే జిల్లా. 2016లో దాన్ని ముక్కలు చేశారు, 2019లో ఏటూరునాగారం ఉన్న ములుగు కూడా జిల్లా అయింది. కలెక్టర్ దగ్గరికి వచ్చారు, తండాలూ గూడేలూ పంచాయతీలయ్యాయి. ఇంకా విడిగా ఒక ప్రాజెక్టు అధికారి ఎందుకు? పరీక్ష కోసం కాదు, నిజంగానే అడుగుతున్నాను.

పాత_దస్త్రం:
గిరిజన సంక్షేమంలో పనిచేసి రిటైరైన వాణ్ణి, చెబుతాను. ఆశ్రమ పాఠశాలలో పిల్లకు జ్వరం వచ్చినా, గూడెం దారిలో కల్వర్టు కొట్టుకుపోయినా, బోరు మోటారు కాలిపోయినా నాలుగు శాఖల చుట్టూ తిరగనక్కర్లేకుండా ఒక్క బల్ల ముందు నిలబడితే పని జరగాలి. ఐటీడీఏ పుట్టింది అందుకే. సోమవారం గిరిజన దర్బారుకు వెళ్లి చూడండి. కలెక్టరేట్ ప్రజావాణి కూడా సోమవారమే. భూతగాదాలు, పింఛన్లు, రేషన్ కార్డుల వరుసలో తెలుగు సరిగా రాని కోయ ముసలమ్మ వంతు ఎప్పుడొస్తుంది?

తండా_గొంతు:
సార్, ఆ బల్ల దాకా రావడానికి ఎన్ని బస్సులు మారాలో కూడా రాయండి. మాది నెక్కొండ వైపు. హనుమకొండకు వచ్చి, అక్కడి నుంచి ఇంకో వంద కిలోమీటర్లు. "మా తండాలో మా రాజ్యం" అని ఏళ్ల తరబడి అడిగితే 2018 పంచాయతీరాజ్ చట్టంతో దక్కింది. అంతకుముందు మేము పక్క ఊరికి శివారు. వీధి దీపం పోతే ఆ ఊరి సర్పంచ్ ఇంటి అరుగు మీద కూర్చోవాలి. ఆయన భోజనం చేసి, కునుకు తీసి, "రేపు చూద్దాం" అనేవాడు. ఇప్పుడు చెత్త ట్రాక్టరు మా వీధిలో ఆగుతుంది. డబ్బు మాకివ్వండి, లెక్క మేము చెబుతాం.

గోదారి_గట్టు:
ఆ ట్రాక్టరు డీజిల్ బిల్లు ఎన్నాళ్లుగా పెండింగులో ఉందో కూడా రాయండి.

పాత_దస్త్రం:
వంద ఉండదు. ములుగు, గోవిందరావుపేట, తాడ్వాయి మీదుగా నేరుగా బస్సుంది. ఉద్యోగమంతా ఆ దారిలోనే తిరిగాను.

తండా_గొంతు:
నెక్కొండ నుంచి లెక్కపెట్టండి సార్. జీపులో తిరిగినవారికి కిలోమీటర్లు తక్కువే కనిపిస్తాయి.

పాత_దస్త్రం:
జీపు అధికారులది. నేను గుమాస్తాను.

గంగారం_గూడెం:
మీరిద్దరూ బస్టాండు దాటి వచ్చేలా లేరు. మాది మహబూబాబాద్ జిల్లా గంగారం మండలం, ఏజెన్సీ, అంటే షెడ్యూల్డ్ ప్రాంతం. కలెక్టర్ ఒక దిక్కు, ఐటీడీఏ ప్రాజెక్టు అధికారి (పీఓ) ఇంకో దిక్కు. 2023లో పోడు పట్టాలు పంచినప్పుడు మా అమ్మకూ పుస్తకం వచ్చింది. దున్నేది మూడెకరాలు, పుస్తకంలో ఎకరం ఇరవై గుంటలు. సర్వేకు వచ్చినవారు ఫోను పట్టుకుని గట్టు వెంట నడిచారు. వాగులో మోకాలి లోతు నీళ్లున్నాయి. బూట్లు విప్పడం ఇష్టంలేక ఇవతలే ఆగిపోయారు. అవతలి చెలక ఎక్కలేదు. ఒక కార్యాలయంలో అడిగితే రెండో కార్యాలయం పేరు చెప్పారు, అక్కడికి వెళ్తే మళ్లీ మొదటిదాని పేరు.

పాత_దస్త్రం:
తమ్ముడూ, పట్టా పీఓ ఒక్కరి చేతిలో ఉండదు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం దరఖాస్తు గ్రామసభలో మొదలవుతుంది. తర్వాత ఆర్డీఓ అధ్యక్షతన డివిజన్ కమిటీ, ఆపైన కలెక్టర్ అధ్యక్షతన జిల్లా కమిటీ.

తండా_గొంతు:
చూశారా! చట్టమే గ్రామసభ అంటోంది. మధ్యలో ఐటీడీఏ ఎందుకు?

గంగారం_గూడెం:
అన్నా, మీ తండాలో ఎన్ని గడపలు? అయిదు వందల జనాభా ఉంటేనే పంచాయతీ అన్నారు. మా గూడెం నలభై గడపలు లేదు, పెద్ద ఊరికి తగిలించారు. ఏజెన్సీ కాబట్టి సర్పంచ్ గిరిజనుడే. కానీ మా గూడెంవాడు కాదు, కాలేడు, మాకన్ని ఓట్లు లేవు. గ్రామసభ ఆ ఊళ్లో జరుగుతుంది, సంతకాల పుస్తకం మర్నాడు మా దగ్గరికి వస్తుంది. పంచాయతీకి పైసలిస్తే మీకు వీధి దీపం వెలుగుతుంది. మా పేరు మీద వచ్చింది పెద్ద ఊళ్లో సీసీ రోడ్డవుతుంది. పెద్ద తండాలవాళ్లు అందరూ ఇలాగే మాట్లాడతారు.

తండా_గొంతు:
అంటే లంబాడీలు తినేశారనా? సూటిగా అనండి. లంబాడీలు 1976 చట్టంతో ఎస్టీ జాబితాలోకి వచ్చారని 2017లో ఆదిలాబాద్‌లో రేగిన గొడవ ఇక్కడికీ తెస్తున్నారా? మా తండా షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. మా నాన్న అప్పు కింద రాసిచ్చిన రెండెకరాలు వడ్డీ వ్యాపారి పేరు మీదికి పోయాయి. మీ దగ్గరైతే గిరిజనుల భూమి చేజారకుండా 1/70 చట్టం ఉంది, గిరిజనేతరుడికి ఆ రిజిస్ట్రేషనే చెల్లదు. మాకు 1/70 లేదు, పోడు లేదు, దర్బారు లేదు. ఆ ఒక్క పంచాయతీ వస్తే దాన్నీ ఎత్తిపొడుస్తారా?

నిర్వాహకుడు:
తెగల పేర్లతో తగాదా వద్దు. ఇంకోసారి అయితే ఈ చర్చ మూసేస్తాను.

గంగారం_గూడెం:
తినేశారని నేను అనలేదు. మీకు ఐటీడీఏ అందలేదు కాబట్టి అది అక్కర్లేదంటున్నారు. మాకు పంచాయతీ అందలేదు. ఐటీడీఏ కూడా పోతే మేము ఎవరి గుమ్మం ఎక్కాలి? గూడెం కూడా విడిగా ఊరు కావచ్చని షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీలకు వర్తించే 1996 పీసా చట్టంలో ఉంది. మా గూడేనికి సభ పెట్టమని పెద్ద ఊరి సర్పంచ్‌ను అడగమంటారా?

పాత_దస్త్రం:
అందుకే పీఓ ఉండాలంటున్నాను. ఏజెన్సీ టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకేనన్న 2000 నాటి జీవో 3ను 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇలాంటివి పంచాయతీ తీర్మానంతో తిరిగొస్తాయా?

గోదారి_గట్టు:
పీఓ తెచ్చారా?

తండా_గొంతు:
ఐటీడీఏ తీసేయమని కాదు, మైదానం తండాలకు కూడా ఒకటి పెట్టండి. అప్పుడు మాట్లాడదాం.

ఓరుగల్లు_అభ్యర్థి:
మీ మొదటి మాట అది కాదు కదా అన్నా.

తండా_గొంతు:
మొదటి నుంచీ అదే అంటున్నాను.

గంగారం_గూడెం:
సార్, వాగు అవతలి ఎకరంన్నర సంగతి చెప్పండి.

పాత_దస్త్రం:
ముందు గ్రామసభ తీర్మానం నకలు తీసుకో. అందులో మీ అమ్మ పేరు ఎదుట ఎంత రాశారో చూడు. అక్కడే తగ్గితే డివిజన్ కమిటీకి, డివిజన్ కమిటీ తగ్గిస్తే జిల్లా కమిటీకి వెళ్లాలి. గడువు 60 రోజులు, కాబట్టి ఏ కాగితం ఏ తేదీన చేతికిచ్చారో రాసిపెట్టుకో. తగ్గించినవారు కారణం రాతపూర్వకంగా చెప్పాలి.

గంగారం_గూడెం:
నకలు ఎవరిస్తారు?

పాత_దస్త్రం:
పంచాయతీ కార్యదర్శి.

తండా_గొంతు:
చివరికి పంచాయతీకే వచ్చారు.

గంగారం_గూడెం:
ఆయన కూర్చునేది పెద్ద ఊళ్లోనే అన్నా.