కికా దరఖాస్తుకు మన ఊరి కాగితాలు, జపనీస్ అనువాదాలు: మీ అనుభవాలు చెప్పండి

పెన్నాతీరం:
అందరికీ నమస్కారం. పద్నాలుగేళ్ళుగా జపాన్‌లో ఉద్యోగం చేస్తూ ప్రస్తుతం కవాసాకిలో ఉంటున్నాను. కికా, అంటే జపాన్ పౌరసత్వ దరఖాస్తు, కోసం గత నెల మా పరిధిలోని హోముక్యోకుకు (పౌరసత్వ దరఖాస్తులు చూసే న్యాయ వ్యవహారాల కార్యాలయానికి) వెళ్ళి మొదటి సంప్రదింపు పూర్తి చేసుకున్నాను. అధికారి ఒక పట్టిక చేతికిచ్చి, నాకు వర్తించే కాగితాలకు ఎర్ర పెన్సిలుతో గుర్తులు పెట్టారు. జూమిన్‌హ్యో (నివాస ధ్రువపత్రం), పన్ను ధ్రువపత్రాలు, పెన్షన్ చెల్లింపుల వివరాలు, కంపెనీవారు ఇచ్చే జీతం పత్రం ఇక్కడే దొరుకుతాయి కనుక వాటి గురించి బెంగ లేదు. చిక్కంతా ఊరి కాగితాలతోనే వచ్చింది.

నేను 1984లో నెల్లూరు జిల్లాలోని ఒక పల్లెలో మా అమ్మమ్మగారింట్లో పుట్టాను. పంచాయతీలో ఎవరూ నమోదు చేయించలేదు. పాస్‌పోర్టులో ఉన్నది పదో తరగతి మెమోలోని తేదీ. అది నన్ను బడిలో వేసిన రోజు మాస్టారు లెక్కగట్టి రాసినది. అసలు తేదీ తాతగారి పంచాంగం అంచున పెన్సిలుతో రాసి ఉంది. రెండింటికీ నాలుగు నెలల తేడా. అమ్మానాన్నల పెళ్ళి 1979లో ఇంటి ముందు పందిట్లో జరిగింది, దానికి శుభలేఖ తప్ప మరో ఆధారం లేదు. ఈ స్థితిలో జనన ధ్రువపత్రం, తల్లిదండ్రుల వివాహ పత్రం ఎలా సంపాదించాలి? అనువాదాలు సొంతంగా చేసుకోవచ్చా, లేక ఎవరికైనా అప్పగించాలా?

నిషికసాయి_పాతకాపు:
అనువాదం సంగతి ముందు చెబుతాను. విదేశీ భాషలో ఉన్న ప్రతి కాగితానికీ జపనీస్ అనువాదం జతచేయాలి, దాని మీద అనువాదకుని పేరు, చిరునామా, అనువదించిన తేదీ ఉండాలి. అనువాదకునికి ప్రత్యేక అర్హత ఏదీ అడగరు, దరఖాస్తుదారే చేసుకోవచ్చు. నేను మా ఇంటిల్లిపాదివీ స్వయంగా చేశాను. ఏ4 కాగితం మీద, మూలంలో ఏ వరుసలో ఉందో ఆ వరుసలోనే టైపు చేయండి. గుండ్రటి ముద్రలోని అక్షరాలనూ, వెనక పేజీలో గుమాస్తా చేత్తో రాసిన గమనికనూ వదలకూడదు. మా నాన్నగారి పత్రంలో ముద్ర సగం చెరిగిపోయి ఉంటే, చదవగలిగినంత అనువదించి మిగతాది చదవడానికి వీలుకాలేదని రాశాను, అధికారి ఒప్పుకున్నారు.

అసలు పని కాతకానా, అంటే విదేశీ పేర్లు రాసే జపనీస్ లిపి, దగ్గర మొదలవుతుంది. మన పేర్లలో ర, ల రెండూ అక్కడ ఒకే అక్షరంలోకి వెళతాయి, ణకారం నకారంలో కలిసిపోతుంది. "సత్యనారాయణ"లోని త్యకారాన్ని ఒకచోట "తియ" అని, మరోచోట "తొయ" అని రాశాను. ఇంటిపేరులోని వకారం ఒక కాగితంలో "వా" అయింది, ఇంకో కాగితంలో "బా" అయింది. అన్నీ వరసగా పేర్చి చూసిన అధికారి, ఈ ముగ్గురూ ఒకరేనా అని చాలా మర్యాదగా అడిగారు. ఆ రాత్రి ఇంటికి వచ్చి తాత, నానమ్మ, అమ్మానాన్నలు, తోబుట్టువులు, ఊళ్ళ పేర్లు అన్నిటికీ ఒక్కో కాతకానా రూపం నిర్ణయించి పట్టిక రాసుకున్నాను. ఇక ఆ పట్టికను చూడకుండా ఒక్క పేరూ టైపు చేయలేదు. ఈ పట్టిక మొదటి రోజునే వేసుకుని ఉంటే నాకు రెండు నెలలు కలిసి వచ్చేవి.

గోదారిగట్టు:
పెన్నాతీరం గారూ, మీది నా కథలాగే ఉంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం కింద, పుట్టి ఏడాది దాటినవారిని పంచాయతీవారు తమంతట తాము నమోదు చేయలేరు, పై అధికారి ఉత్తర్వు కావాలి. నా విషయంలో అది ఆర్డీవో కార్యాలయం నుంచి వచ్చింది. ముందుగా రిజిస్టరులో మీ పేరు లేదన్న ధ్రువపత్రం పంచాయతీ నుంచి తీసుకుని, పదో తరగతి మెమో, అఫిడవిట్ జోడించి మీసేవలో దరఖాస్తు పెట్టించండి. మా తమ్ముడు నాలుగుసార్లు తిరిగాడు. ఆ లేదన్న ధ్రువపత్రం నకలు ఒకటి దాచుకోండి, మా అధికారి దాని అనువాదం కూడా అడిగారు.

వివాహ నమోదును తప్పనిసరి చేసిన ఆంధ్రప్రదేశ్ చట్టం 2002 నాటిది కనుక మన అమ్మానాన్నల తరానికి పత్రాలు లేకపోవడం వింతేమీ కాదు. హిందూ వివాహ చట్టం కింద పాత పెళ్ళిని ఇప్పుడైనా నమోదు చేయించుకోవచ్చు. మా వాళ్ళిద్దరూ అరవై దాటిన వయసులో సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి వెళితే, గుమాస్తా పెళ్ళి ఫోటో అడిగాడు. ఫోటోలో నాన్నకున్న జుట్టు ఇప్పుడు లేదు కదా అని అమ్మ వాదనకు దిగిందట. ఏమైతేనేం, పత్రం వచ్చింది. దానితో పాటు షిన్‌జుత్సుషో అనే కాగితం కూడా నన్ను అడిగారు. ఎవరిని ఎప్పుడు పెళ్ళాడినదీ, ఏ పిల్లలు ఎప్పుడు పుట్టినదీ తల్లి స్వయంగా చెప్పి సంతకం చేసే పత్రం అది. తెలుగులో రాయించి నేనే అనువదించాను.

ఒసాకా_పిల్లగాలి:
అందరూ సొంతంగా చేసుకోమనడం నాకు సమ్మతం కాదు. ఇద్దరు పిల్లలు, రాత్రి షిఫ్టు ఉన్నవారికి ఇది జరిగే పని కాదు. నేను గ్యోసెయిషోషికి, అంటే ప్రభుత్వ దరఖాస్తు కాగితాలు తయారుచేసే లైసెన్సున్న నిపుణునికి, అప్పగించాను, డబ్బు పోయినా నిద్ర మిగిలింది. అయితే ఆయనకు తెలుగు రాదు కనుక తెలుగులోనే ఉన్న పంచాయతీ కాగితాన్ని ముందు నేను ఇంగ్లీషులోకి మార్చి ఇవ్వవలసి వచ్చింది. కికా ఎందుకు కోరుతున్నామో వివరించే పత్రం మాత్రం ఎవరికి అప్పగించినా మన చేత్తోనే జపనీస్‌లో రాయాలి.

నిషికసాయి_పాతకాపు:
ఆ మాట నిజమేనండీ. కాకపోతే తెలుగు నుంచి ఇంగ్లీషుకు, అక్కడి నుంచి జపనీస్‌కు వెళ్ళేసరికి "పెదనాన్న", "బాబాయి" ఇద్దరూ "అంకుల్"గా మారిపోతారు. జపనీస్‌లో తండ్రికి అన్న అయిన ఓజికి ఒక కాంజీ (అర్థాన్ని సూచించే అక్షరం), తమ్ముడైన ఓజికి మరో కాంజీ ఉన్నాయి. తెలుగు నుంచి నేరుగా చేస్తే ఈ ఇబ్బంది రాదు.

చార్మినార్_టు_సైతామా:
నా కాగితాలు నిరుడు పూర్తయ్యాయి, రెండు విషయాలు చెబుతాను. నేను హైదరాబాదులో పుట్టాను. పత్రంలో ఆంధ్రప్రదేశ్ అని ఉంది, 2014 తర్వాత అది తెలంగాణ. అనువాదంలో పత్రంలో ఉన్నట్టే రాసి, రాష్ట్ర విభజన గురించి వేరే కాగితంలో నాలుగు వాక్యాల వివరణ ఇచ్చాను. పౌరసత్వం వచ్చాక పుట్టిన ఊరు కొసెకిలో, అంటే జపాన్ కుటుంబ రిజిస్టరులో, నమోదవుతుంది కనుక ఈ విషయంలో అశ్రద్ధ పనికిరాదు. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు మారాయి కాబట్టి అక్కడివారికీ ఇదే వర్తిస్తుంది.

రెండవది పాస్‌పోర్టు. కాన్పోలో, అంటే ప్రభుత్వ గెజిట్‌లో, మన పేరు ప్రకటించిన రోజు నుంచి జపాన్ పౌరులమవుతాము. 1955 నాటి మన పౌరసత్వ చట్టం 9వ సెక్షను ప్రకారం భారత పౌరసత్వం ఆ క్షణమే పోతుంది. ఆ తర్వాత పాత పాస్‌పోర్టు మీద ప్రయాణం చేయకూడదు, దానిని భారత దౌత్య కార్యాలయంలో అప్పగించి ఆ ధ్రువపత్రం తీసుకోవాలి, ఓసీఐ కార్డుకు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) అది అవసరం. టోక్యోవారికి ఒక వెసులుబాటు ఉంది: హోముక్యోకు, భారత రాయబార కార్యాలయం రెండూ కుదాన్‌లోనే నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్నాయి.

పెన్నాతీరం:
అందరికీ కృతజ్ఞతలు. అమ్మ సంతకం చేసిన షిన్‌జుత్సుషో నిన్న స్పీడ్ పోస్టులో అందింది. పాస్‌పోర్టులోని తేదీ వేయమ్మా అని ఎంత చెప్పినా, కన్నదాన్ని నాకు తెలియదా అని పంచాంగంలోని తేదీనే వేసింది. భయపడి అధికారికి ఫోను చేస్తే, తిరగరాయించవద్దనీ, రెండు తేదీలు ఎందుకున్నాయో వివరిస్తూ నేనొక కాగితం రాసి, పంచాంగం ఫోటోతో కలిపి తెమ్మనీ అన్నారు. రాత్రి అది రాస్తూ పంచాంగం అన్న మాట దగ్గర ఆగిపోయాను. ప్రస్తుతానికి "కొయొమి" అని పెట్టాను, కానీ అది క్యాలెండరుకు కూడా వాడే మాటే కదా?

నిషికసాయి_పాతకాపు:
"కొయొమి" సరిపోతుందండీ. పక్కన కాతకానాలో పంచాంగం అని రాసి, తిథులూ నక్షత్రాలూ చూపే సంప్రదాయ పుస్తకమని ఒక వాక్యం చేర్చండి. తాతగారి పెన్సిలు రాత ఫోటోలో కనబడేట్టు పగటి వెలుతురులో తీయమని ఇంట్లోవారికి చెప్పండి.